ప్రకృత్యౌచిత్యం – పాఠకుడి హక్కు: అమెరికన్ సూపర్‌హీరో కామిక్స్ అభిమానుల చర్చలు

వ్యాససంగ్రహం

అమెరికన్ సూపర్‌హీరో కామిక్స్‌లో పాత్ర ఒక ప్రచురణసంస్థ ఆస్తి. రచయితలు మారుతుంటారు, కథ మాత్రం ముగియదు. ఈ స్థితిలో పాత్ర స్వభావాన్ని గుర్తుంచుకుని కాపాడే పనిని పాఠకులు తమంతట తామే తలకెత్తుకున్నారు. రచయితల గుణదోషాల గురించి, ధారావాహికల దశ గురించి అభిమానులు సాగించే చర్చలు ఇష్టాయిష్టాల ప్రకటనతో ఆగిపోవు. కర్తృత్వ నిర్ణయం, ప్రకృత్యౌచిత్యం, పూర్వకథా సంస్కారం, యుగవిభజన అనే విమర్శ ప్రశ్నలు వాటిలో అంతర్లీనంగా ఉన్నాయి. ఆ ప్రశ్నలను భారతీయ అలంకారశాస్త్ర పరిభాషతో వివరించడం, రెండు సంప్రదాయాలకూ ఉన్న మౌలిక భేదాన్ని గుర్తించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: సూపర్‌హీరో, కామిక్స్, అభిమానులు, కర్తృత్వం, ఔచిత్యం, ప్రకృతి విపర్యయం, రెట్‌కాన్, ధారావాహిక.

1. ఉపోద్ఘాతం

సాహిత్యశాస్త్రం పాఠకుడికి సాధారణంగా రెండు స్థానాలు కల్పించింది. సహృదయుడిగా రసాన్ని ఆస్వాదించడం ఒకటి, విమర్శకుడిగా గుణదోషాలను నిర్ణయించడం రెండవది. ఈ రెండు స్థానాల్లోనూ పాఠకుడి ఎదుట ఉన్నది పూర్తయిన రచన. ఎవరు ఏ దోషాన్ని ఎత్తిచూపినా అభిజ్ఞాన శాకుంతలంలో ఒక్క అంకం కూడా మారదు.

సూపర్‌హీరో కామిక్స్ పాఠకుడి పరిస్థితి ఇందుకు భిన్నం. అతడు చదివే కథ నెలనెలా వెలువడుతూ ఉంటుంది. అతడు అభిప్రాయం రాసి పంపే నాటికి తరువాతి సంచికల కథ ఇంకా రచయిత బల్లమీదే ఉంటుంది. అంతేకాక, ఆ రచయితే రేపు పాఠకుడై పోవచ్చు, పాఠకుడు రచయిత కావచ్చు. ఇటువంటి చోట విమర్శ రచనకు వెలుపల నిలిచి ఉండదు, రచనలోకి ప్రవేశిస్తుంది. స్పైడర్‌మ్యాన్‌ను ఎవరు బాగా రాశారు, ఎక్స్‌మెన్ ఎప్పటినుంచి దిగజారింది, ఫలానా పాత్ర ఇలా చేస్తుందా అని అభిమానులు దశాబ్దాలుగా వాదించుకుంటున్నారు. ఈ వాదాలకు ఇంత పట్టుదల ఎక్కడినుంచి వచ్చింది అన్నది ప్రధానమైన ప్రశ్న. దానికి సమాధానం ముందుగా ఈ కథల ఉత్పత్తి విధానంలో వెతకాలి.

2. ధారావాహిక స్వరూపం: యజమాని ఒకరు, రచయితలు అనేకులు

1938 జూన్ తేదీతో వెలువడిన యాక్షన్ కామిక్స్ మొదటి సంచికలో సూపర్‌మ్యాన్ కనిపించాడు. ఆ పాత్రను జెర్రీ సీగెల్ రచయితగా, జో షుస్టర్ చిత్రకారుడిగా రూపొందించారు. 13 పుటల తొలి కథకు వారికి దక్కిన మొత్తం 130 డాలర్లు. ఆ మొత్తంతోపాటే పాత్రమీద హక్కులు కూడా ప్రచురణకర్తల పరమయ్యాయి. ఆ తరువాత దశాబ్దాలపాటు సూపర్‌మ్యాన్ కథలు వెలువడుతూనే ఉన్నాయి కాని, సృష్టికర్తలు పేదరికంలో మిగిలారు. సూపర్‌మ్యాన్ చలనచిత్రం తయారవుతున్న సందర్భంలో 1975లో ఈ విషయం పత్రికలకెక్కింది. అప్పుడు సంస్థ వారికి ఒక్కొక్కరికి ఏటా 20,000 డాలర్ల భృతి ఇవ్వడానికి, కథలపై వారి పేర్లు ముద్రించడానికి అంగీకరించింది.

ఈ ఉదంతం ఒక వ్యక్తిగత విషాదానికి పరిమితమైనది కాదు. మొత్తం రంగం ఈ పద్ధతిపైనే నిర్మితమైంది. రచయిత పేజీకి ఇంత అని ప్రతిఫలం తీసుకుని కథ రాస్తాడు. పాత్ర సంస్థకు చెందుతుంది. ఆ రచయిత వెళ్ళిపోతే మరొకరు వస్తారు. పాత్ర వయసు దాదాపు నిలిచిపోతుంది, పాత్రమీద పనిచేసేవారి తరాలు మారుతుంటాయి. సంపాదకులు కూడా మారతారు. ఒక ధారావాహికతో ఇరవై, ముప్ఫై ఏళ్ళు విడవకుండా ఉండేవారు తరచుగా పాఠకులే. రచయితకు అది కొన్నేళ్ళ ఉద్యోగం, సంస్థకు ఆస్తి, పాఠకుడికి ఒక జీవితకాలపు పరిచయం. చర్చల్లోని ఆవేశానికి మూలం ఈ వ్యత్యాసంలో ఉంది.

3. చర్చకు ఏర్పడిన వేదికలు

డీసీ సంస్థ సంపాదకుడు జూలియస్ ష్వార్జ్ యౌవనంలో విజ్ఞానకల్పనా సాహిత్యానికి అభిమాని. 1932లోనే మోర్ట్ వైసింగర్‌తో కలిసి అభిమానుల పత్రిక నడిపినవాడు. అతడు 1960ల ప్రారంభంలో తన కామిక్స్‌లోని లేఖల పేజీలో పాఠకుల పేర్లతోపాటు పూర్తి చిరునామాలనూ ముద్రించడం మొదలుపెట్టాడు. చిన్నదిగా కనిపించే ఈ మార్పు ఫలితం పెద్దది. అంతవరకు సంపాదకుడికి మాత్రమే రాసిన పాఠకులు ఒకరికొకరు రాసుకోసాగారు.

ఆనాటి అభిమానుల్లో ముఖ్యులు జెర్రీ బెయిల్స్, రాయ్ థామస్. బెయిల్స్ డెట్రాయిట్‌లో విశ్వవిద్యాలయ అధ్యాపకుడు. థామస్ మిస్సోరీ రాష్ట్రానికి చెందిన యువకుడు, తరువాత కొంతకాలం ఆంగ్ల ఉపాధ్యాయుడిగా పనిచేశాడు. 1961లో బెయిల్స్ ఆల్టర్ ఈగో అనే అభిమానుల పత్రికను థామస్ సహకారంతో ప్రారంభించాడు. థామస్ 1965లో మార్వెల్ సంస్థలో రచయితగా చేరి, 1972లో అక్కడే ప్రధాన సంపాదకుడయ్యాడు. అభిమాని రచయితగా మారే మార్గానికి ఇది తొలి ప్రసిద్ధ ఉదాహరణ.

మార్వెల్ లేఖల పేజీల్లో మరొక సంప్రదాయం పుట్టింది. కథలో పొరపాటు పట్టుకున్న పాఠకుడు దానికి సమంజసమైన వివరణ కూడా సూచిస్తే, సంపాదకుడు స్టాన్ లీ అతనికి నో-ప్రైజ్ ప్రకటించేవాడు. బహుమతిగా అందేది పైన అభినందన వాక్యం అచ్చయిన ఖాళీ కవరు. ఇది పరిహాసమే అయినా ఇందులో విమర్శ శిక్షణ ఉంది. దోషం చూపడంతో సరిపెట్టక దోషపరిహారాన్ని కూడా ఆలోచించాలని అది పాఠకుడికి నేర్పింది. పూర్వాపర విరోధాన్ని సమన్వయించే వ్యాఖ్యాతృ ధర్మం ఈ విధంగా లేఖల పేజీలో చోటు సంపాదించుకుంది.

4. రచయిత ఎవరు?

అభిమానుల చర్చల్లో మొదటిది కర్తృత్వ సమస్య. చాలాకాలంపాటు కామిక్స్‌పై రచయితల పేర్లు ఉండేవి కావు, ఉన్నవాటిని పూర్తిగా నమ్మడానికి వీలుండేది కాదు. డిస్నీ బాతు పాత్రల కథలు రాసి, బొమ్మలు గీసిన కార్ల్ బార్క్స్ పేరు ఏ సంచికలోనూ అచ్చు కాలేదు. అయినా ఆ కథలకూ ఇతరుల కథలకూ గల భేదాన్ని గీత తీరు, సంభాషణల పొందికల ఆధారంగా పాఠకులు పసిగట్టి, పేరు తెలియని ఆ వ్యక్తిని బాతుల బొమ్మలు బాగా గీసే ఆయన అని వ్యవహరించారు. 1960 ప్రాంతంలో అతని పేరు బయటపడింది. ఇవి సూపర్‌హీరో కథలు కావు గాని, శైలినిబట్టి కర్తను గుర్తించే పద్ధతికి మంచి నిదర్శనం. అరణ్యపర్వంలో నన్నయ రచన ఎక్కడ ఆగింది, ఎఱ్ఱన పూరణ ఎక్కడ మొదలైంది అని శైలిని ఆధారం చేసుకుని చర్చించిన తెలుగు విమర్శకు ఈ పద్ధతి కొత్తది కాదు.

బ్యాట్‌మ్యాన్ విషయంలో ఈ అన్వేషణ న్యాయ ప్రశ్నగా మారింది. 1939లో డిటెక్టివ్ కామిక్స్ 27వ సంచికతో ఆరంభమైన ఆ పాత్రకు బాబ్ కేన్ ఒక్కడే సృష్టికర్తగా ప్రకటితుడయ్యాడు. రచయిత బిల్ ఫింగర్‌తో మాట్లాడి, ఆ పాత్ర రూపకల్పనలో అతని పాలెంతో వివరిస్తూ జెర్రీ బెయిల్స్ 1965లో అభిమానుల మధ్య ఒక వ్యాసం ప్రచారంలో పెట్టాడు. కేన్ దానిని ఖండిస్తూ లేఖ రాశాడు. ఫింగర్ 1974లో మరణించాడు. అభిమానులు, పరిశోధకులు, కుటుంబసభ్యుల దీర్ఘకాల ప్రయత్నం తరువాత 2015లో అతని పేరు బ్యాట్‌మ్యాన్ సృష్టికర్తల ప్రకటనలో చేరింది. యాభై ఏళ్ళ ఈ వివాదంలో తొలి పత్రం ఒక అభిమాని రాసినది.

మార్వెల్‌లో సమస్య మరింత జటిలం. 1961లో ఫెంటాస్టిక్ ఫోర్‌తో మొదలైన దశలో అక్కడ ఒక ప్రత్యేక రచనా విధానం ఏర్పడింది. స్టాన్ లీ కథాంశాన్ని క్లుప్తంగా చెబుతాడు. జాక్ కిర్బీ, స్టీవ్ డిట్కో వంటి చిత్రకారులు దానిని సన్నివేశాలుగా విస్తరించి పుటలు గీస్తారు. చివర లీ సంభాషణలు చేరుస్తాడు. ఈ విధానంలో రచయిత అనే మాట ఎవరికి చెల్లుతుంది? 1966లో వచ్చిన సిల్వర్ సర్ఫర్ అనే ప్రసిద్ధ పాత్ర తన సూచనలో లేదని, కిర్బీ గీసి తెచ్చిన పుటల్లోనే మొదట చూశానని లీ స్వయంగా చెప్పాడు. స్పైడర్‌మ్యాన్ కథా కల్పన డిట్కోదేనన్న ప్రకటన 1965 నుంచి సంచికల్లో కనిపిస్తుంది. మరుసటి ఏడాదే అతడు సంస్థను వదిలాడు. కిర్బీ వారసులకూ సంస్థకూ నడిచిన హక్కుల వివాదం 2014లో రాజీతో ముగిసింది. లీ పక్షం, కిర్బీ పక్షం అంటూ అభిమానులు నేటికీ వాదించడానికి కారణం వ్యక్తిపూజ ఒక్కటే కాదు. దృశ్యకథలో రచన అంటే ఏమిటన్న శాస్త్రప్రశ్న ఆ వాదంలో ఇమిడి ఉంది.

5. అభిమానుల పరిభాష

ప్రతి విమర్శ సంప్రదాయమూ తనకు కావలసిన పరిభాషను నిర్మించుకుంటుంది. అభిమానులు వాడే మాటల్లో మూడు ప్రధానమైనవి.

మొదటిది రన్. ఒక రచయిత ఒక ధారావాహికను వరుసగా రాసిన కాలాన్ని అతని రన్ అంటారు. క్రిస్ క్లేర్మాంట్ 1975 నుంచి 1991 వరకు ఎక్స్‌మెన్ రాశాడు. ఆ పదహారేళ్ళ కథనం ఒక రన్. పాత్ర సంస్థదైనా, ఆ కాలపు కథనం రచయితదని అభిమానులు ఈ మాటద్వారా ప్రకటించారు. చట్టం ఇవ్వని కర్తృత్వాన్ని విమర్శ ఇచ్చింది.

రెండవది కంటిన్యుటీ. వేర్వేరు రచయితలు, వేర్వేరు సంచికల్లో చెప్పిన సంగతులన్నీ పరస్పరం పొసగాలన్న నియమం ఇది.

మూడవది రెట్‌కాన్. గతంలో అచ్చయిన కథకు ఇప్పటి రచయిత కొత్త అర్థాన్ని లేదా కొత్త కారణాన్ని జోడించడాన్ని ఈ మాట సూచిస్తుంది. దీని పూర్తిరూపం 1983లో ఆల్‌స్టార్ స్క్వాడ్రన్ లేఖల పేజీలో కనిపిస్తుంది. ఆ ధారావాహిక రచయిత రాయ్ థామస్ ఆ మాటను తాను పుట్టించానని చెప్పుకోలేదు, ఒక సమావేశంలో ఒక అభిమాని నోట విన్నట్లు పేర్కొన్నాడు. నేడు సినిమా, టెలివిజన్ విమర్శ కూడా వాడుతున్న ఒక సాంకేతిక పదం ఈ విధంగా పాఠకుల సంభాషణలో రూపుదిద్దుకుంది.

6. ప్రకృత్యౌచిత్యం

ఈ మూడింటికీ మూలమైన ఆక్షేపణ ఒకటి ఉంది: ఈ పాత్ర ఇలా చేయదు. రచయితలపై అభిమానులు మోపే నేరాల్లో దీనికి మించినది లేదు. భారతీయ అలంకారికులకు ఇది సుపరిచితం. ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకంలో భావౌచిత్యం ప్రకృత్యౌచిత్యంనుంచి వస్తుందని వివరించాడు. మమ్మటుడు కావ్యప్రకాశంలో పాత్రలను దివ్య, అదివ్య, దివ్యాదివ్య ప్రకృతులుగా విభజించి, వాటి స్వభావం తారుమారు కావడాన్ని ప్రకృతి విపర్యయమనే రసదోషంగా పరిగణించాడు. కేవల మానవుడైన రాజు సప్తసముద్రాలను లంఘించినట్లు వర్ణించడం అనుచితమని ఆనందవర్ధనుడి అభిప్రాయం.

సూపర్‌హీరో ఈ విభజనలో దివ్యాదివ్య ప్రకృతికి దగ్గరివాడు. అతడు ఎగరడం, కొండలు ఎత్తడం పాఠకుడికి అనుచితంగా తోచదు. శక్తి విషయంలో ఎంత అతిశయోక్తినైనా అంగీకరించే పాఠకుడు శీలం విషయంలో మాత్రం చిన్న మార్పునూ సహించడు. ప్రకృత్యౌచిత్యం బలానికి సంబంధించినది కాదు, స్వభావానికి సంబంధించినదని ఈ పాఠకుల ప్రతిస్పందన నిరూపిస్తుంది.

గ్రీన్ లాంటర్న్ ఉదంతం ఇందుకు స్పష్టమైన ఉదాహరణ. హాల్ జోర్డాన్ నిర్భయత్వానికి మారుపేరైన వీరుడు. 1994లో రాన్ మార్జ్ రాసిన 48, 49, 50 సంచికల్లో, తన నగరం నాశనమైన దుఃఖంతో అతడు సహచరులపైనే దాడిచేసి, తాను సేవించిన వ్యవస్థను కూల్చి, పారలాక్స్ అనే ప్రతినాయకుడిగా మారాడు. అతని స్థానంలో కైల్ రేనర్ అనే కొత్త వీరుడు వచ్చాడు. పాఠకుల్లో ఒక వర్గం హీట్ అనే సంక్షిప్త నామంతో సంఘంగా ఏర్పడి, హాల్‌ను పునఃప్రతిష్ఠించాలని ఉద్యమించింది. 2004లో ఆరంభమైన గ్రీన్ లాంటర్న్: రీబర్త్‌లో రచయిత జెఫ్ జాన్స్ పరిష్కారం చూపాడు. పారలాక్స్ హాల్ మారురూపు కాదనీ, భయమే ఆకృతి దాల్చిన ఒక ప్రాచీన శక్తి అతణ్ణి ఆవహించిందనీ ఆ కథ వెల్లడించింది. దీనితో గత నేరాలకు బాహ్యకారణం ఏర్పడింది, నాయకుడి ప్రకృతి నిర్దోషమైంది.

సాహిత్య విద్యార్థికి ఇక్కడ దుర్వాసుడి శాపం స్ఫురిస్తుంది. మహాభారతంలో దుష్యంతుడు శకుంతలను మరిచిపోలేదు. ఎరిగి ఉండీ లోకాపవాద భయంతో కాదన్నాడు. కాళిదాసు శాపాన్ని, ఉంగరాన్ని కల్పించి ఆ నిరాకరణను విస్మృతిగా మార్చాడు. ఇటువంటి ఉత్పాద్య కల్పనను కుంతకుడు వక్రోక్తిజీవితంలో ప్రకరణ వక్రతకు ఉదాహరణగా ప్రశంసించాడు. గ్రహించిన ఇతివృత్తంలో రసానికి అననుకూలమైన అంశం ఉంటే దానిని విడిచి, అనుకూలమైనదానిని కల్పించాలని ఆనందవర్ధనుడు కూడా విధించాడు. అభిమానులు రెట్‌కాన్ అన్నదీ, కుంతకుడు వక్రత అన్నదీ ఒకే వ్యాపారం: పూర్వకథను తిరగరాయకుండా దానికి కారణాన్ని మార్చడం.

ఎక్స్‌మెన్‌లో దీనికి సజాతీయమైన ఘట్టం ఉంది. 1980లో క్లేర్మాంట్, జాన్ బర్న్ రచించిన డార్క్ ఫీనిక్స్ కథలో జీన్ గ్రే అపారశక్తికి లోనై, ప్రాణులు నివసించే ఒక గ్రహాన్ని నాశనం చేస్తుంది. ఆమె శక్తిని తొలగించి బతికించాలన్నది రచయితల తొలి ఆలోచన. ఇంతటి సంహారానికి తగిన ఫలం ఉండి తీరాలని ప్రధాన సంపాదకుడు జిమ్ షూటర్ పట్టుబట్టడంతో ముగింపు మారి, 137వ సంచికలో ఆమె ప్రాణత్యాగం చేసింది. 1986లో ఆమెను మళ్ళీ కథలోకి తీసుకువచ్చారు. సంహారం చేసినది ఆమె రూపం ధరించిన ఫీనిక్స్ శక్తి అనీ, అసలు జీన్ సముద్రగర్భంలో సురక్షితంగా ఉందనీ వివరణ ఇచ్చారు. ఈ వివరణ మొదట ఊహించినవాడు కర్ట్ బ్యూసిక్. ఊహించిన నాటికి అతడు ఒక అభిమాని, తరువాత పేరున్న రచయిత అయ్యాడు. పాఠకుడి సమన్వయ వ్యాఖ్య నేరుగా మూలకథలో భాగం కావడం ఇక్కడ కనిపిస్తుంది.

అయితే ఈ పరిష్కారాలు వివాదాన్ని ముగించలేదు. దోషం బాహ్యశక్తిదైతే హాల్ దుఃఖానికీ, జీన్ త్యాగానికీ విలువేమిటని మరొక వర్గం ప్రశ్నించింది. శాపం దుష్యంతుణ్ణి కాపాడింది కాని, అతని బాధ్యతను తగ్గించిందన్న ఆక్షేపణకు ఇది సమానం. ప్రకృతిని రక్షించడం ఒక ఔచిత్యం, కర్మకు ఫలాన్ని చూపడం మరొక ఔచిత్యం. అభిమానుల చర్చల్లో ఉత్తమమైనవి ఈ రెండింటి ఘర్షణను గుర్తించినవే.

7. మౌలిక భేదం: రద్దుచేసే అధికారం

పై పోలికకు ఒక హద్దు ఉంది. కాళిదాసు శాపాన్ని కల్పించినా మహాభారత కథ అలాగే నిలిచి ఉంది. తెలుగులో నన్నయ ఆదిపర్వంలోని శకుంతలోపాఖ్యానంలో శాపం లేదు. పిల్లలమర్రి పినవీరభద్రుడి శృంగార శాకుంతలం కాళిదాసు కల్పననూ స్వీకరించింది. రెండు కావ్యాలూ పక్కపక్కనే పఠనీయాలు, ఒకటి మరొకదానిని చెరపలేదు. ఇతివృత్తం ఎవరి ఆస్తీ కాదు కాబట్టి నచ్చనివాడు మరొక కావ్యం రాయగలడు.

సూపర్‌హీరో కథలో ఆ స్వేచ్ఛ లేదు. అధికారికమైన కథ ఒక్కటే, దానిని ప్రకటించే అధికారం సంస్థది. కొత్త నిర్ణయం పాతదానిని రద్దుచేస్తుంది. 2007లో వచ్చిన వన్ మోర్ డే ఇందుకు నిదర్శనం. 1987లో జరిగిన పీటర్ పార్కర్, మేరీ జేన్‌ల వివాహం ఆ కథ ముగిసేసరికి జరగనిదైపోయింది. మృత్యుముఖంలో ఉన్న మే అత్తను బతికించుకోవడానికి ఆ దంపతులు మెఫిస్టో అనే దుష్టశక్తితో ఒప్పందం చేసుకుని తమ దాంపత్యాన్నే వదులుకున్నారు. బాధ్యతను జీవితసూత్రంగా స్వీకరించిన నాయకుడు ఇటువంటి బేరానికి దిగడం ప్రకృతి విపర్యయమని అభిమానులు ఆగ్రహించారు. కథ చివరి భాగాలనుంచి తన పేరు తొలగించుకోవాలని ఆలోచించినట్లు రచయిత జె. మైకేల్ స్ట్రజిన్స్కీయే వెల్లడించాడు. వివాహం వద్దన్నది సంపాదక వర్గం నిర్ణయం. రచయితకూ పాఠకుడికీ నచ్చని కథ అధికారిక కథ అయింది. ఇతివృత్తం అందరిదైన సంప్రదాయంలో ఇటువంటి దుఃఖానికి తావు లేదు.

8. ధారావాహిక దశ: యుగవిభజన, క్షీణవాదం

అభిమానుల చర్చల్లో మరొక ప్రధానాంశం ధారావాహికల స్థితిగతులు. సూపర్‌హీరో కథల చరిత్రను స్వర్ణయుగం, రజతయుగం అని విభజించే పద్ధతి కూడా పాఠకుల వాడుకనుంచి వచ్చినదే. ఏ యుగం ఉన్నతం, ఎక్కడ క్షీణత మొదలైంది అన్న వాదం, దక్షిణాంధ్ర యుగం తరువాతి కాలాన్ని క్షీణయుగమనవచ్చునా అన్న తెలుగు సాహిత్యచరిత్రకారుల వాదాన్ని తలపిస్తుంది. రెండు చోట్లా ప్రమాణమేమిటన్నదే అసలు చిక్కు.

క్షీణవాదానికి వాస్తవాధారాలు లేకపోలేదు. 1991లో ఎక్స్‌మెన్ కొత్త ధారావాహిక మొదటి సంచిక వేర్వేరు ముఖచిత్రాలతో వెలువడి 80 లక్షల ప్రతులకు పైగా అమ్ముడైంది. ఆ ప్రతులన్నీ చదవడానికి కొన్నవి కావు. ధర పెరుగుతుందన్న ఆశతో ఒక్కొక్కరు అనేక ప్రతులు కొని దాచుకున్నారు. ఆ విజయం వెనువెంటనే, మూడు సంచికలకే, క్లేర్మాంట్ ధారావాహికను వీడాడు. 1992లో ప్రముఖ చిత్రకారులు మార్వెల్‌ను వదిలి, సృష్టికర్తలకే హక్కులుండే ఇమేజ్ సంస్థను స్థాపించారు. కొనుగోళ్ళ బుడగ పగిలిన తరువాత 1996 డిసెంబరులో మార్వెల్ దివాలా రక్షణ కోరింది. ముఖచిత్రాల హంగు కథనాన్ని మింగుతోందని అభిమానులు చేసిన హెచ్చరిక నిరాధారం కాదని ఈ పరిణామం సూచించింది.

మరణం, పునరాగమనం, సంఖ్య పునఃప్రారంభం అనే మూడు ఉపాయాలను పాఠకులు ప్రత్యేకంగా విమర్శిస్తారు. 1992 చివర సూపర్‌మ్యాన్ మరణం సంచలనం సృష్టించింది, మరుసటి ఏడాదే అతడు తిరిగివచ్చాడు. 2011 సెప్టెంబరులో డీసీ తన ధారావాహికలన్నిటినీ ఆపి, 52 శీర్షికలను మొదటి సంచికనుంచి ప్రారంభించింది. 900 సంచికలు దాటిన యాక్షన్ కామిక్స్ కూడా ఒకటో సంఖ్యకు చేరింది. కొన్నేళ్ళకు పాత లెక్కను పునరుద్ధరించి, 2018లో వెయ్యవ సంచికను వేడుకగా వెలువరించారు. కొత్త పాఠకుడికి తలుపు తెరవడం, పాత పాఠకుడి జ్ఞాపకాన్ని గౌరవించడం అనే రెండు అవసరాల మధ్య ధారావాహిక నిరంతరం ఊగిసలాడుతోందని దీనినిబట్టి గ్రహించవచ్చు.

9. చర్చల పరిమితులు

పాఠకుడి పాత్రను అతిగా ఆదర్శీకరించడం సరికాదు. 1988లో డీసీ సంస్థ బ్యాట్‌మ్యాన్ సహచరుడు రెండవ రాబిన్, జేసన్ టాడ్ బతకాలో వద్దో ఫోన్ ద్వారా ఓటు వేయమని పాఠకులను కోరింది. మరణానికి 5,343, జీవితానికి 5,271 ఓట్లు వచ్చాయి. 72 ఓట్ల తేడాతో ఒక బాలుడి పాత్ర మరణించింది. ప్రతి పిలుపుకూ రుసుము ఉంది, ఒకరు ఎన్నిసార్లైనా ఓటు వేయవచ్చు. ఇది విమర్శ కాదు, లెక్కింపు మాత్రమే. విమర్శకు కారణం చెప్పే బాధ్యత ఉంటుంది, ఓటుకు ఉండదు. 2005లో జేసన్ కూడా తిరిగివచ్చాడన్నది వేరే సంగతి.

రెండవ పరిమితి, ఎవరి ప్రకృతికి ఔచిత్యం కోరుతున్నారన్నది. హాల్ ప్రతినాయకుడిగా మారిన అదే 1994లో, అదే గ్రీన్ లాంటర్న్ 54వ సంచికలో, కైల్ ప్రియురాలు అలెగ్జాండ్రాను ప్రతినాయకుడు చంపి శవాన్ని రిఫ్రిజిరేటర్‌లో ఉంచాడు. కథలో ఆ మరణానికి ప్రయోజనం నాయకుడి దుఃఖాన్ని ఉద్దీపింపజేయడమే. 1999లో గెయిల్ సిమోన్ అనే పాఠకురాలు ఇలా హింసకూ మరణానికీ గురైన స్త్రీ పాత్రల జాబితా రూపొందించి, దానికి ఈ సన్నివేశాన్నిబట్టే పేరు పెట్టింది. నాయకుడి శీలభంగాన్ని సహించలేని పాఠకలోకం నాయికల వరుస మరణాలను ఎందుకు గమనించలేదన్న ప్రశ్న ఆ జాబితాలో ధ్వనించింది. తరువాత సిమోన్ రచయిత్రిగా మారి, 2003 నుంచి స్త్రీలే ప్రధాన పాత్రలైన బర్డ్స్ ఆఫ్ ప్రే రాసింది. జ్ఞాపకాన్ని కాపాడటంతో పాఠక విమర్శ పని ముగియదు, ఆ జ్ఞాపకంలో ఎవరికి చోటు దక్కిందో కూడా అది పరీక్షించుకోవాలి.

10. ముగింపు

1. సూపర్‌హీరో కామిక్స్‌లో పాత్రమీద చట్టబద్ధమైన హక్కు సంస్థది, శ్రమ రచయిత–చిత్రకారులది, దీర్ఘస్మృతి పాఠకుడిది. అభిమానుల చర్చలు ఈ మూడింటి మధ్య పొంతన లేకపోవడంవల్ల పుట్టాయి.

2. బిల్ ఫింగర్ ఉదంతంలో వలె, కర్తృత్వ నిర్ణయంలో అభిమానుల పరిశోధన న్యాయానికి తోడ్పడింది. రన్ అనే భావన చట్టం గుర్తించని రచయితను విమర్శలో నిలబెట్టింది.

3. పాత్ర ఇలా చేయదన్న ఆక్షేపణ మమ్మటుడు చెప్పిన ప్రకృతి విపర్యయ దోషానికీ, రెట్‌కాన్ కుంతకుడి ప్రకరణ వక్రతకూ సమీపమైనవి. అలంకారశాస్త్ర పరిభాష సమకాలీన జనప్రియ సాహిత్య విశ్లేషణకు సమర్థంగా ఉపకరిస్తుంది.

4. ఇతివృత్తం అందరిదైన సంప్రదాయంలో కొత్త కల్పన పాత కథ పక్కన నిలుస్తుంది. ఇతివృత్తం ఒకరి ఆస్తి అయినచోట అది పాత కథ స్థానాన్ని ఆక్రమిస్తుంది. అభిమానుల వాదంలోని తీవ్రతకు అసలు కారణం ఇదే.

5. కారణం చెప్పగలిగినంతవరకే పాఠకుడి హక్కు విమర్శ అవుతుంది. సంఖ్యాబలంగా మారినప్పుడు, లేదా కొందరి జ్ఞాపకాన్నే అందరి జ్ఞాపకంగా ప్రకటించినప్పుడు అది విమర్శ స్థాయిని కోల్పోతుంది. తెలుగులో టెలివిజన్ ధారావాహికలు, సినీ పరంపరలపై ప్రేక్షకులు చేస్తున్న చర్చలను కూడా ఈ దృష్టితో పరిశీలించడానికి అవకాశం ఉంది.